గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే గుండెకి ఏమవుద్ది? మావాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్ని కాదు, నెల్లూరు పొగతోటలో ఎకో (గుండె స్కానింగ్), ఈసీజీ తీసే టెక్నీషియన్ని. మా పెదనాన్న కొడుక్కి ఈ జబ్బు బయటపడ్డాక కందుకూరు నుంచి పామూరు దాకా మా చుట్టాలందరూ నాకే ఫోన్లు, ఒకళ్ళకి చెప్పిందే ఇంకొకళ్ళకి చెప్పాల్సి వస్తంది, అందుకని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. మందులు మార్చుకోవడం, మానుకోవడం లాంటివి మాత్రం మీ డాక్టరు చెప్పినట్టే చెయ్యండి, ఇది చదివి కాదు.

అసలేంది ఈ జబ్బు? తలలో గడ్డ అంటే క్యాన్సరా?

కాదు. మెదడు అడుగున, ముక్కుకి వెనకాల లోపలగా, బఠానీ గింజంత పిట్యూటరీ అనే గ్రంథి ఉంటది. దాంట్లో చిన్న గడ్డ లేచి గ్రోత్ హార్మోన్ని అడ్డూ అదుపూ లేకుండా వదుల్తా ఉంటది. ఆ హార్మోన్ లివర్‌కి పోయి అక్కడ ఐజీఎఫ్-1 అనే ఇంకో హార్మోన్ని తయారు చేయిస్తది, ఒంట్లో పెరగాల్సినవీ పెరగకూడనివీ అన్నీ పెంచేది ఎక్కువగా ఇదే. పెద్దోళ్ళలో వస్తే ఆక్రోమెగాలీ అంటారు, ఆ పేరు పెట్టింది 1886లో పియరీ మేరీ అనే ఫ్రెంచ్ డాక్టరు. గడ్డ దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాని గడ్డే, వేరే చోటికి పాకదు. కానీ క్యాన్సర్ కాదు గదా అని ఊరికే వదిలేస్తే గుండె మీదకి తెస్తది.

గడ్డ తలలో ఉంటే గుండెకి ఏంది సంబంధం?

హార్మోన్ రక్తంలో తిరుగుద్ది, రక్తం అంతటా పోద్ది, గుండె కండరం ఆ హార్మోన్ని పట్టుకుని తనూ పెరుగుద్ది. చేతులు, పాదాలు, దవడ, ముక్కు, నాలుక పెరిగినట్టే గుండె గోడలూ మందమవుతాయి. కనపడేవి జనం చూసి అడుగుతారు, లోపలది ఎవరూ చూడరు, అంతే తేడా.

ఇది ఒక్కసారిగా వచ్చేది కాదు. మొదట్లో గుండె మామూలు కంటే గట్టిగా కొట్టుకుంటది, మనిషికి ఇబ్బందే తెలీదు, ఇంకా ఉషారుగా కూడా ఉండొచ్చు. తర్వాత గోడలు మందమయ్యి బిగుసుకుని, రక్తం నింపుకోవడానికి సరిగ్గా వదులు కాలేవు, అప్పుడు మెట్లెక్కితే ఆయాసం మొదలవుద్ది. అట్టాగే ఏళ్ళు వదిలేస్తే కండరం మధ్యలో పీచులాగా మచ్చ కట్టి, గుండె సాగిపోయి, పంపింగ్ తగ్గి, కాళ్ళ వాపులు, పడుకుంటే ఊపిరాడకపోవడం. ఈ ఆఖరి దశకి వచ్చేవాళ్ళు తక్కువ మందే, కానీ అక్కడిదాకా వస్తే తిరిగి రావడం చానా కష్టం.

ఇంకోటి, చాలామంది బీపీ వల్లే గుండె మందమైంది అనుకుంటారు. బీపీ లేనివాళ్ళలో కూడా ఇది కనపడుద్ది. బీపీ కూడా తోడైతే ఇంకా తొందరగా ముదురుద్ది.

ఎకోలో గోడలు మందం అని రాశారు, కానీ ఈఎఫ్ (ఒక్కో దెబ్బకి ఎడమ గదిలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడతదో ఆ లెక్క) 65 ఉంది. అంటే బాగున్నట్టేగా?

ఈ ప్రశ్న నన్ను రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. మనోళ్ళకి ఎకో రిపోర్టు అంటే ఈఎఫ్ ఒక్కటే, అది 60 దాటిందంటే ఇక కాయితం మడిచి బ్యాగులో పెట్టేస్తారు.

మా అన్నది చెప్తా. ఆయాసం అని వచ్చాడు, ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకోమని చెప్పి ముందు వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెడితే వేలు పట్టలేదు, చివరికి చిటికెన వేలికి పెట్టాల్సొచ్చింది. జెల్ రాసి ప్రోబ్ పెడితే రెండు గదుల మధ్య గోడ 14 మిల్లీమీటర్లు. మగవాళ్ళకి మామూలుగా 6 నుంచి 10 ఉంటది. వెనక గోడ కూడా అంతే మందం, కుడి పక్క కూడా కొంచెం మందంగానే ఉంది. ఈఎఫ్ మాత్రం 66. గుండె డాక్టరుగారు రిపోర్టు ఒకసారి చూసి, తర్వాత ఆయన చేతులు చూసి, ఈ ఉంగరం పెట్టుకోవడం ఎప్పుడు మానేశావయ్యా అనడిగారు, నిజంగానే వేలికి పట్టక బీరువాలో పడేసి ఏళ్ళయింది. అక్కడి నుంచి ఐజీఎఫ్-1, ఆ తర్వాత ఎంఆర్ఐ.

ఇంతకీ విషయం ఏందంటే, ఈ జబ్బులో ఈఎఫ్ చానా కాలం మామూలుగానే ఉంటది, మొదట్లో అయితే ఇంకా ఎక్కువే చూపించొచ్చు. ముందు దెబ్బతినేది గుండె వదులయ్యే పని, దాన్నే రిపోర్టులో డయాస్టోలిక్ డిస్‌ఫంక్షన్ అని రాస్తాం, పక్కన గ్రేడ్ 1, గ్రేడ్ 2 అని ఉంటది. కన్సెంట్రిక్ ఎల్‌వీహెచ్ అని రాస్తే ఎడమ గది గోడలు చుట్టూ సమానంగా మందమయ్యాయని. ఈ రెండు లైన్లు చదవండి, ఈఎఫ్ తర్వాత చూసుకోవచ్చు.

వాల్వులకి కూడా వస్తదా?

వస్తది. ఎక్కువగా గుండె ఎడమ పక్కనుండే మైట్రల్, అయోర్టిక్ వాల్వులు లీకవుతాయి, మహాధమని మొదలు కూడా కొంతమందిలో వెడల్పవుద్ది. జబ్బు ఎన్నేళ్ళు తెలీకుండా ఉందో దాన్నిబట్టి లీకు ఉంటది. కండరం మందం తగ్గుద్దేమో గానీ వాల్వు ఒకసారి పాడైతే హార్మోన్ మామూలుకి వచ్చినా అది మామూలుకి రాదు. ఆపరేషన్ అయిపోయింది, ఇంక ఎకో ఎందుకు అని అడిగేవాళ్ళకి నేను చెప్పే కారణం ఇదే.

గుండె దడ, మధ్యలో ఒక దెబ్బ తప్పినట్టు ఉంటది, అది కూడా ఇదేనా?

అయ్యుండొచ్చు. మందమైన కండరంలో, మచ్చ కట్టిన చోట కరెంటు సరిగ్గా పారదు, అందుకే అదనపు దెబ్బలు, కొందరికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (పై గదులు లయ తప్పి కొట్టుకోవడం), చానా తక్కువ మందికి ప్రమాదకరమైన కింది గది దడలు. అర నిమిషం ఈసీజీలో దొరక్కపోవచ్చు కాబట్టి 24 గంటల హోల్టర్, అంటే ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ మిషన్, పెడతారు. హోల్టర్ పెట్టిన రోజు ఇంట్లో కూర్చోమాకండి, రోజూ చేసే పనులే చెయ్యండి, అప్పుడే పనికొచ్చేది దొరుకుద్ది. దడతోపాటు కళ్ళు తిరిగి పడిపోతే మాత్రం రేపు చూద్దాంలే అనొద్దు.

బీపీ ఎన్ని మాత్రలేసినా దిగట్లేదు. ఎందుకట్టా?

ఈ జబ్బున్నోళ్ళలో దాదాపు మూడో వంతు మందికి బీపీ ఉంటది. గ్రోత్ హార్మోన్ కిడ్నీల దగ్గర ఉప్పుని బయటికి పోనీకుండా పట్టుకుంటది, ఉప్పుతో పాటు నీళ్ళూ ఆగుతాయి, రక్తం పరిమాణం పెరుగుద్ది. దానికి తోడు ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యకపోవడం, రాత్రుళ్ళు గురక, ఇవన్నీ బీపీని ఎగదోస్తాయి. ముఖ్యంగా కింది నంబరు ఎక్కువుంటది.

ఇంక మన తిండి సంగతి మీకు తెలిసిందే. పొద్దున సద్దన్నంలో ఊరగాయ, మధ్యాహ్నం పులుసుతోపాటు వేపిన ఎండుచేప, పెరుగన్నంలో మళ్ళీ ఆవకాయ. పులుసు మానమని ఎవరూ అనరు, అనినా నెల్లూరోళ్ళు వినరు. ఎండుచేప, రొయ్యపొట్టు, అప్పడం, ఊరగాయ ఈ నాలుగూ తగ్గిస్తే చాలు చానా ఉప్పు తగ్గుద్ది. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది, అంటే ఒక టీ స్పూను, అన్ని కూరల్లో వేసింది కలిపి. ఇది నడుస్తా ఉండాలి గానీ ఉప్పు తగ్గించినంత మాత్రాన గడ్డ తగ్గదు.

గురక గురించి గుండె డాక్టరు ఎందుకడిగారు?

నాలుక లావై, గొంతు లోపల కండ పెరిగి, నిద్రలో గాలి దారి మూసుకుపోద్ది. గట్టిగా గురక పెట్టి, ఉన్నట్టుండి నిశ్శబ్దం, తర్వాత ఉలిక్కిపడి ఊపిరి తీసుకోవడం, ఇది మీకు తెలీదు, పక్కన పడుకునేవాళ్ళకే తెలుస్తది. స్లీప్ ఆప్నియా అంటారు, ఈ జబ్బున్నవాళ్ళలో సగానికి పైగా మందికి ఉంటది. ఊపిరాగిన ప్రతిసారీ ఆక్సిజన్ పడిపోయి, బీపీ ఎగిరి, గుండె మీద పడుద్ది, దడలు కూడా రాత్రిపూట అందుకే ఎక్కువ. నిద్ర టెస్టు చేసి అవసరమైతే మాస్కులోంచి గాలి ఊది దారి మూసుకోకుండా ఉంచే సీప్యాప్ మిషన్ ఇస్తారు. మాస్కు పెట్టుకుని పడుకోడానికి మొదట్లో చిరాగ్గానే ఉంటది. మా వదిన అయితే ఆ మిషన్ వచ్చాకే నేను నిద్రపోతున్నా అంటది.

హార్ట్ ఎటాక్ వస్తదా?

నేరుగా ఈ హార్మోన్ వల్లే రక్తనాళాలు పూడుకుపోతాయని గట్టిగా చెప్పలేం. కానీ బీపీ, షుగరు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు పెరగడం, మంచి కొలెస్ట్రాల్ తగ్గడం, ఇవన్నీ ఈ జబ్బుతోపాటు వస్తాయి కాబట్టి ఆ లెక్కన రిస్కు ఉన్నట్టే. సిగరెట్, చుట్ట, ఖైనీ ఉంటే ముందు అవి మానాలి.

షుగరు కూడా దీనివల్లేనా?

చాలామందికి అవును, గ్రోత్ హార్మోన్ ఇన్సులిన్‌కి ఎదురు పనిచేస్తది. గడ్డ తీశాక కొంతమందికి షుగరు మందులు తగ్గుతాయి, కొందరికి పూర్తిగా పోద్ది.

మొదట్లోనే ఎట్టా గుర్తుపట్టాలి?

పది లక్షల మందిలో 40 నుంచి 70 మందికి ఉంటదని పుస్తకాల్లో ఉంటది. 2011 లెక్కల్లో పాత నెల్లూరు, ప్రకాశం జిల్లాలు కలిపితే 63 లక్షల పైన జనం, అంటే మన దగ్గరే రెండొందల యాభై మందికి తగ్గకుండా ఉండాలి. వాళ్ళలో సగం మంది ఏ కీళ్ళ డాక్టరు దగ్గరో, షుగరు డాక్టరు దగ్గరో తిరుగుతుంటారని నా అనుమానం. మొదటి లక్షణానికీ జబ్బు పేరు తెలియడానికీ మధ్య అయిదు పదేళ్ళు పోవడం మామూలే, ఆ అయిదు పదేళ్ళే గుండెకి అసలు దెబ్బ.

ఆడవాళ్ళకి మెట్టెలు బిగుసుకుని కోయించాల్సి రావడం, పాత గాజులు చెయ్యి దాటకపోవడం. మగవాళ్ళకి చెప్పుల సైజు ఎనిమిది నుంచి పదికి పోవడం. పళ్ళ మధ్య సందులు, కింది దవడ ముందుకి రావడం, గొంతు బొంగురు, చెమటలు, అరచేతులు మెత్తగా లావుగా. ఇవన్నీ నెమ్మదిగా వస్తాయి కాబట్టి రోజూ చూసే ఇంట్లోవాళ్ళకి కనపడవు, దుబాయ్ నుంచి నాలుగేళ్ళకి వచ్చిన బావమరిది గుమ్మంలోనే ఏందిట్టా అయిపోయావని అంటాడు. పెళ్ళి ఆల్బమ్ తీసి ఇప్పటి ఫోటో పక్కన పెట్టి చూడండి, డాక్టర్లు కూడా పాత ఫోటోలు తెమ్మంటారు.

ఇంకో సంగతి, ఇది మన ప్రాంతానికే. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఎవరికి నడుం నొప్పి, కీళ్ళ నొప్పులు వచ్చినా ఫ్లోరైడ్ నీళ్ళ వల్లేలే అనేస్తారు. చాలామందికి అది నిజం కూడా. కానీ ఫ్లోరైడ్ వల్ల చెప్పుల సైజు పెరగదు, నాలుక లావవ్వదు. నొప్పులతోపాటు ఇవి కూడా ఉంటే ఒకసారి హార్మోన్ టెస్టు అడగండి.

ఏ టెస్టులు చేయించాలి? ఖాళీ కడుపుతో పోవాలా?

మొదటిది ఐజీఎఫ్-1 రక్త పరీక్ష, ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఖాళీ కడుపు అక్కర్లేదు. రిజల్టు మీ వయసుకి సరిపోల్చి చూడాలి, ఇరవై ఏళ్ళవాడికి మామూలైన నంబరు అరవై ఏళ్ళ ఆయనకి ఎక్కువ. షుగరు బాగా అదుపు తప్పినా, లివర్ జబ్బున్నా ఈ నంబరు తక్కువ చూపించొచ్చు. ఊరికే గ్రోత్ హార్మోన్ ఒక్కటి చేయించుకొస్తే పెద్దగా ఉపయోగం లేదు, అది గంటగంటకీ ఎగురుద్ది పడుద్ది.

అనుమానం తేలకపోతే 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలపాటు అరగంటకోసారి రక్తం తీస్తారు. దీనికి ఖాళీ కడుపు కావాలి. మామూలు మనిషికి గ్లూకోజు తాగాక గ్రోత్ హార్మోన్ 1 నానోగ్రామ్ కంటే కిందకి పడిపోద్ది, వీళ్ళకి పడదు. తర్వాత పిట్యూటరీకి మందు ఎక్కించి తీసే ఎంఆర్ఐ. గడ్డ పెద్దదైతే కంటి నరం మీద ఒత్తుద్ది కాబట్టి చూపు ఎంతమేర ఉందో చూసే పెరీమెట్రీ.

గుండె వరకు ఈసీజీ, ఎకో, బీపీ జబ్బు తెలిసిన మొదట్లోనే చేయించాలి, మందులు మొదలయ్యాక చేస్తే ముందెంత ఉండేదో లెక్క దొరకదు. పెద్దపేగు కొలనోస్కోపీ కూడా రాస్తారు, గుండెకెందుకు ఇది అని కంగారుపడొద్దు, ఈ జబ్బులో పేగుల్లో పాలిప్స్ (చిన్న కండ బుడిపెలు) ఎక్కువ, దానికోసం.

ముక్కులోంచి ఆపరేషన్ అంటున్నారు. గుండె ఇట్టా ఉంటే మత్తు ఇవ్వొచ్చా?

ఎక్కువమందికి ఇస్తారు, చూసుకుని ఇస్తారు. మొదటి వైద్యం ఆపరేషనే, ముక్కులోంచి పోయి గడ్డ తీస్తారు, తల కొయ్యరు. గడ్డ సెంటీమీటరు లోపు ఉండి, చేయి తిరిగిన సర్జన్ దొరికితే పదిమందిలో ఎనిమిది మందికి పైగా హార్మోన్ మామూలుకి వస్తది. అంతకంటే పెద్దదైతే సగం మందికి.

మత్తు డాక్టరుకి భయం గుండె ఒక్కటే కాదు, లావు నాలుక, పెద్ద దవడ వల్ల గొంతులో గొట్టం వెయ్యడం కష్టం. గురక సంగతి ముందే చెప్పాలి, దాచొద్దు. గుండె ఫెయిల్యూర్, అదుపులో లేని దడ, మరీ ఎక్కువ బీపీ ఉంటే ముందు అవి దారిలో పెడతారు, కొందరికి కొన్ని నెలలు ఇంజెక్షన్లు ఇచ్చి తర్వాత ఆపరేషన్‌కి తీసుకెళ్తారు.

నెలనెలా వేసే ఇంజెక్షన్ గుండెకి మంచిదా చెడ్డదా?

ఆక్ట్రియోటైడ్, లాన్‌రియోటైడ్ అని రెండున్నాయి, 28 రోజులకోసారి. హార్మోన్ తగ్గిస్తాయి కాబట్టి గుండెకి మంచే. కాకపోతే గుండె వేగం కొంచెం తగ్గించగలవు, బీపీ కోసం మెటోప్రొలాల్ లాంటిది (అదీ గుండె వేగం తగ్గించేదే) వాడుతుంటే డాక్టరుకి గుర్తు చెయ్యండి. పిత్తాశయంలో రాళ్ళు రావొచ్చు, మొదట్లో విరేచనాలు కూడా. ఖరీదెక్కువ. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రీజర్‌లో కాదు. మే నెలలో చెన్నైలో కొని రైల్లో చేతిసంచిలో పెట్టుకుని రామాకండి, ఐస్ ప్యాకులు పెట్టిన డబ్బా కావాల్సిందే.

జబ్బు తక్కువగా ఉన్నవాళ్ళకి క్యాబర్‌గోలిన్ మాత్ర ఇస్తారు. పార్కిన్‌సన్స్ జబ్బులో పెద్ద డోసుల్లో వాడినప్పుడు దీనివల్ల వాల్వులు పాడైనట్టు తేలింది, ఇక్కడ వాడే డోసు తక్కువే, అయినా వాల్వు లీకు ముందే ఉన్నవాళ్ళు ఎకో వాయిదా వెయ్యొద్దు. పాసిరియోటైడ్ అనే ఇంకో ఇంజెక్షన్ షుగరు పెంచుద్ది. రేడియేషన్ ఇస్తే పని మొదలయ్యేసరికి ఏళ్ళు పడుద్ది, అప్పటిదాకా మందులు ఆపకూడదు.

ఆపరేషన్ అయింది. గుండె మళ్ళీ మామూలవుద్దా?

ఎక్కువగా ఎంతో కొంత అవుద్ది. ఐజీఎఫ్-1 మామూలుకి వచ్చిన కొన్ని నెలల్లోనే గోడల మందం తగ్గడం మొదలవుద్ది, గుండె వదులయ్యే పని మెరుగవుద్ది, ఆయాసం తగ్గుద్ది. వయసు తక్కువ, జబ్బు కొత్తది అయితే బాగా తగ్గుద్ది. మచ్చ కట్టిన భాగం, లీకయ్యే వాల్వు ఉండిపోతాయి. బీపీ కూడా కొందరికి ఉండిపోద్ది, ఆపరేషన్ చేయించాం గదా అని బీపీ మాత్ర సొంతంగా ఆపేసినవాళ్ళని చూశాను, తిరిగి నా దగ్గరికే ఎకోకి వచ్చారు.

వైద్యం లేకపోతే ఆయుష్షు తగ్గుద్ది, మామూలు జనంతో పోలిస్తే మరణాలు రెండింతల దాకా ఉంటాయని చెప్పేవాళ్ళు, అందులో గుండె జబ్బులదే పెద్ద వాటా. హార్మోన్ పూర్తిగా అదుపులోకి వచ్చినవాళ్ళ ఆయుష్షు మామూలు జనంతో దాదాపు సమానం. ఆపరేషన్ అయిన మూడు నెలలకి ఐజీఎఫ్-1 చూస్తారు, తర్వాత కూడా ఏటేటా చూడాల్సిందే.

చిన్నపిల్లలకి వస్తే?

ఎముకల చివర్లు ఇంకా మూసుకోకముందే వస్తే ఎత్తు పెరిగిపోతారు, జైగాంటిజం అంటారు. కుస్తీల్లో ఆండ్రే ది జెయింట్ పేరు మీరు వినే ఉంటారు, ఆయనది ఇదే, 1993లో 46 ఏళ్ళకి గుండె ఫెయిల్యూర్‌తో పోయాడు. మన గ్రేట్ ఖలీ 2012లో పిట్యూటరీ గడ్డ తీయించుకున్నాడు. పిల్లాడు క్లాసులో అందరికంటే తలెత్తు పైకి పోతుంటే, ఇంట్లో ఎవరూ అంత ఎత్తు లేకపోతే, మురిసిపోయి ఊరుకోకుండా ఒకసారి చూపించండి.

ఎత్తు పెరగడానికి డాక్టరు ఇచ్చే గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ వల్ల కూడా ఇట్టా అవుద్దా?

హార్మోన్ లోపం ఉందని తేలి, డోసు లెక్కేసి, ఐజీఎఫ్-1 చూసుకుంటా ఇచ్చేదానికీ దీనికీ పోలిక లేదు. దాన్ని ఆపమాకండి.

జిమ్‌లో కోచ్ ఇచ్చే ఇంజెక్షన్ సంగతి వేరే. కండలకని నెలల తరబడి పెద్ద డోసులు, దాంతోపాటు స్టెరాయిడ్లు, బీపీ చూసేవాడు లేడు, ఎకో లేదు. తలలో గడ్డ చేసే పనే సిరంజితో డబ్బులిచ్చి చేయించుకోవడం అది. పాతికేళ్ళ కుర్రాళ్ళు దడ అని వస్తే నేను ముందు అడిగేది జిమ్ గురించే, వాళ్ళమ్మ బయట కూర్చున్నప్పుడు.

పాలు, బ్రాయిలర్ కోడి మానెయ్యాలా? వాటిలో హార్మోన్లు ఉంటాయంట?

వాటివల్ల ఈ జబ్బు రాదు. గ్రోత్ హార్మోన్ ప్రొటీను, నోట్లోంచి పోతే కడుపులో అరిగిపోద్ది, అందుకే అది ఇంజెక్షన్ రూపంలోనే దొరుకుద్ది.

ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్ళకీ వస్తదా?

చానా అరుదు. ముప్పై ఏళ్ళలోపే వచ్చినా, ఇంట్లో ఇంకొకరికి పిట్యూటరీ గడ్డ ఉన్నా జీన్ టెస్టు గురించి అడగండి.

నెల్లూరులోనే చూపించుకోవచ్చా, ఎక్కడికన్నా పోవాలా?

అనుమానం తేల్చుకోడానికి నెల్లూరు, ఒంగోలు చాలు, ఐజీఎఫ్-1 శాంపిల్ ఇక్కడే ఇవ్వొచ్చు, ఎకో, ఎంఆర్ఐ అన్నీ ఉన్నాయి. ఆపరేషన్‌కి మాత్రం పిట్యూటరీ గడ్డలు తరచూ తీసే సర్జన్, ఎండోక్రైన్ (హార్మోన్ల) డాక్టరు ఇద్దరూ ఒకేచోట ఉండే ఆసుపత్రి చూసుకోండి, దూరమైనా సరే. తిరుపతి స్విమ్స్, రాయవేలూరు సీఎంసీ, లేకపోతే చెన్నై, మనోళ్ళు పోయేది ఎక్కువగా ఇవే. ఎన్టీఆర్ వైద్య సేవ, అదే మన ఆరోగ్యశ్రీ కార్డున్నవాళ్ళు చేరకముందే అక్కడి ఆరోగ్యమిత్ర దగ్గరికి పోయి ఆపరేషన్‌కి వర్తిస్తదా, తర్వాత ఇంజెక్షన్లకి వర్తిస్తదా అని రెండూ విడివిడిగా అడగండి.

పోయేటప్పుడు ఎకో రిపోర్టు కాయితం ఒక్కటే కాదు, వీడియో ఉన్న సీడీ కూడా మా దగ్గర అడిగి తీసుకోండి, అక్కడి గుండె డాక్టరు కాయితం కంటే అదే చూస్తాడు. పాత ఈసీజీలు, బీపీ రాసుకున్న పుస్తకం, పెళ్ళి ఫోటో, వాడే మాత్రల అట్టలు అన్నీ ఒకే కవర్లో పెట్టుకోండి. తర్వాత ఏటా తీయించే ఎకో వీలైతే ఒకేచోట తీయించండి, మిషన్ మారితే, కొలిచే మనిషి మారితే ఒక మిల్లీమీటరు అటూ ఇటూ వస్తది, ఈ జబ్బులో మనం వెతికే తేడా కూడా అంతే ఉంటది.